అన్న కుర్చీ

"అన్నను లోపలేసి తాళం పెడితే నేను గూడ లోపలనే ఉంట," అంటూ సంతోషి నెత్తిలో పూలు తీసి మంచం మీద పడేసింది.

"మెల్లగ మాట్లాడవే. చూపులోళ్ల ఆటో గల్లీలకొచ్చింది," అన్నాడు రాయమల్లు. తాళంచెవి చేతిలోనే ఉంది.

శివ పొద్దటి నుంచి ముందు గదిలో ఒకే కుర్చీలో కూర్చున్నాడు. ఇస్త్రీ అంగీ వేసుకున్నాడు. మెడ దాకా గుండీలన్నీ పెట్టుకున్నాడు.

"బాపూ, పెండ్లిచూపులల్ల పిల్ల అన్న కుర్చీల కూసుంటడు. నేను అన్నను," అన్నాడు తండ్రి మొహం వైపు చూడకుండా.

"కూసుందువు బిడ్డా. వాళ్లు పోయినంక కూసుందువు."

"పోయినంక చూపులుండయి."

రాయమల్లు కొడుకు రెక్క పట్టుకోబోయాడు. ఒంటి మీద చెయ్యి పడితే శివ ఓర్చుకోలేడు. తనే లేచి వెనక రేకుల గదిలోకి నడిచాడు. తాళం పడింది.

తల్లి శోభ పూలు తెచ్చి బిడ్డ నెత్తిలో మళ్లీ పెట్టింది. "వాణ్ని చూసినంకనే గదనే పోయినసారోళ్లు చాయ్ గూడ తాగకుండ పోయిన్రు," అంది.

శ్రీరాంపూర్ నుంచి వచ్చింది ఇద్దరే. పెండ్లికొడుకు జగదీశ్వర్, వాళ్లమ్మ జమున. జమున తక్కువ మాటల మనిషి. ఖాళీగా ఉన్న కుర్చీని చూసింది, దాన్ని వదిలేసి పక్కదాంట్లో కూర్చుంది.

"పిల్లలెందరన్నా?"

"ఒక్కతే బిడ్డ," అన్నాడు రాయమల్లు.

ఎదురుగా చాప మీద కూర్చున్న సంతోషి తలెత్తి తండ్రిని చూసింది.

అప్పుడే ఓపెన్‌కాస్టు బొగ్గు గని సైరన్ మోగింది. "బ్లాస్టింగ్. రోజూ ఉండేదే. చాయ్ తాగున్రి," అన్నాడు రాయమల్లు గట్టిగా. అతని గొంతు కింద నుంచి ఇంకో గొంతు వినబడుతోంది. వెనక నుంచి, ఊఁ అని ఒకే తీరుగా. ఇంతలో భూమి అదిరింది. గూట్లో గిన్నెలు గలగలమన్నాయి. ఆ గొంతు అరుపైంది. తలుపు దబదబా మోగింది.

"అదేందన్నా?" అంది జమున.

"పక్కింటోళ్ల దూడ, చెల్లె."

"దూడ కాదు. మా అన్న," అంది సంతోషి.

శోభ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జమున గ్లాసు కింద పెట్టి లేచింది.

"తాళంచెవి ఇయ్యి, అన్నా. జల్ది."

తలుపు తీయగానే రేకుల వేడి మొహానికి కొట్టింది. శివ మూలకు ఒదిగి చెవులు రెండూ మూసుకున్నాడు. అంగీ తడిసి ఒంటికి అతుక్కుంది. జమున అతన్ని ముట్టుకోలేదు. సంచిలోంచి, గనిలో డంపర్ లారీల డ్రైవర్లు చప్పుడు వినబడకుండా చెవులకు పెట్టుకునే మూతలు తీసింది. పాతవి, స్పాంజి చిరిగినవి. వాటిని నేల మీద పెట్టి మెల్లగా అతని దిక్కు జరిపి, గడప దగ్గరే కూలబడింది.

శివ తీసుకుని పెట్టుకున్నాడు. కాసేపటికి లేచి, ఆమె పక్క నుంచి వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.

"నా పేరు శివ. నాకు ఆటిజం ఉన్నది. నేను సంతోషి అన్నను."

"నా పేరు జమున, బిడ్డా. నీ చెల్లెను మా జగదీశ్వర్‌కు ఇస్తవా?"

శివ జగదీశ్వర్ చెప్పుల దిక్కు చూశాడు. "ఇస్త. పెండ్లిల నాకు కుర్చీ ఎయ్యాలె."

"ముందల్నే ఏస్తం."

సంతోషి నవ్వబోయి ఏడ్చింది. రాయమల్లు కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "ఈ మూతలెవరియి, చెల్లె?"

"మా పెద్దోనియి. ఏడికి పోయినా సంచిల పెట్టుకుంట. వాడు గూడ శివ అసుంటోడే."

"అయ్యో, మరి తోలుకరాకపోతిరి. వీనికి జత ఉంటుండె."

జగదీశ్వర్ తల దించుకున్నాడు. జమున చేతిలో ఇంకా ఉన్న తాళంచెవిని చూసుకుంది.

"మా బిడ్డ చూపులకు మేం గూడ గిట్లనే రేకుల గదిల తాళమేసినం, అన్నా. ఎండకాలం. వచ్చినోళ్లను బస్టాండు దాక సాగనంపినంక వాడు యాదికొచ్చిండు. తాళం తీస్తే లేవలేదు."