ఫినాయిలు అమ్మాయి

"ఇది ఫినాయిలా, అవ్వా? నువ్వే వాసన చూడు!"

సుమలత సీసాను కుళ్ళాయమ్మ ముందు ఠపీమని పెట్టింది. చుట్టాలొస్తున్నారని పొద్దున పక్కింటి నుంచి వచ్చి అడిగి పట్టుకుపోయిన సీసా అది.

"చూసేకి తెల్లగా ఉండాదని ఇల్లంతా తుడిస్తి. ఆరినాంక బండలు గంజి పెట్టిన చీర మాదిరి అట్ట కట్టినాయి. చీమలు బారులు తీరినాయి. ఎస్టీడీ బూతుకు పోయి సీసా మీద నంబరుకు ఫోన్ చేస్తి. ఆ కంపెనీ మూతబడి ఆర్నెల్లాయెనంట! ఆ పిల్ల నిన్ను మోసం చేస్తాండాది."

కుళ్ళాయమ్మ ఉలిక్కిపడి గుమ్మం వైపు చూసింది. మోసానికి కాదు. ఈ రోజు నెలలో మొదటి శనివారం. పెనుకొండ బస్సు ధర్మవరం వచ్చే వేళయింది. మేరీ ఏ క్షణానైనా రావచ్చు.

మేరీ ఇల్లిల్లూ తిరిగి ఫినాయిలు అమ్మే పిల్ల. ఈ మధ్య అమ్మడం కూడా మానేసింది. "పాత కస్టమర్లకు ఊరికే ఇమ్మన్నారవ్వా" అంటూ సీసా చేతిలో పెట్టి, పోయిన నెలది దేనికి వాడినావో చెప్పమని నోటుబుక్కు తీసేది. కంపెనీకి రాసి పంపాలట. కుళ్ళాయమ్మ ఒక్క సీసా మూతైనా తీసిన పాపాన పోలేదు. ఒంటి మనిషి కొంపకు అంత ఫినాయిలు దేనికి? అయినా నెలంతా బుర్ర గోక్కుని ఒక కొత్త వాడకం కనిపెట్టేది. ఒకసారి మంచం నల్లులకు పోశానంది. ఒకసారి మగ్గం గుంతలో తేళ్ళు రాకుండా చల్లానంది. మేరీ నవ్వుకుంటూ రాసుకునేది, అన్నం తినేది, సాయంత్రం బస్సుకు పోయేది. ఆ ఇంట్లో రెండో కంచం కడిగేది నెలకు ఆ ఒక్కరోజే.

"గంజి నేనే పోసినా," అనేసింది కుళ్ళాయమ్మ. "ఖాళీ సీసా కదా అని చీరలకు ఎత్తిపెట్టుకున్నా. మతిమరుపు ముండను, నీకిచ్చినా."

"మూత మీద అంటించిన సీలు కాగితం నేనే చింపితిని కదవ్వా! నువ్వెట్ల పోస్తివి?"

అంతలో మేరీ చేతిసంచితో గుమ్మంలోకి వచ్చింది. సంచిలోంచి సీసా తల కనిపిస్తోంది.

"ఏమ్మే, ఇదీ గంజేనా?" సుమలత నడుం మీద చేతులేసుకుంది.

మేరీ తల వంచుకుంది. "అవునక్కా. కంపెనీ మూసేసినారు. ఫినాయిలు యాడ తెచ్చేది? అన్నం వార్చిన గంజి పట్టుకొస్తాండా."

"సిగ్గుండల్ల! పో, మళ్ళా ఈ ఈదిలో కనపడొద్దు."

"నువ్వుండు సుమలతా!" కుళ్ళాయమ్మ అడ్డం వచ్చింది. "కంపెనీ లేకపాయె, పని లేకపాయె. మరి ఎందుకు వస్తాండావు పాపా?"

"నా రూములో మాట్లాడేకి మనిషి లేదవ్వా. నిన్ను చూసేకి వస్తాండా."

"అట్లయితే ఉత్త చేతులతో రావొచ్చు కదే! ఆ సీసా ఎందుకే మోసుకొచ్చేది?"

మేరీ చున్నీతో కళ్ళు ఒత్తుకుంది.

"ఉత్త చేతులతో వస్తే, నువ్వు ఆమెకు ఏమవుతావని ఈదిలో అడుగుతారు కదవ్వా. ఏమని చెప్పల్ల?"