చెప్పవలసిన ఒక్కరు

డెబ్బై నాలుగేళ్ళంటే చాలినట్టేనా, ఆ చాలడాన్ని ఎవరు కొలిచారు, అనుకుంటోంది నారాయణమ్మ. పక్క కుర్చీలో కొడుకు సూరయ్య తల్లి తరఫున మాట్లాడేస్తున్నాడు.

“ముసల్దానికి ఈ వయసులో కోతలేటి డాక్టరుగారూ? మాత్రలిచ్చీండి. ఉన్నన్నాళ్ళు ఉంటాది.”

శ్రీకాకుళం ఆసుపత్రిలో డాక్టర్ అనూరాధ మళ్ళీ మొదటినుంచి చెప్పింది. రొమ్ములో ఉన్నది క్యాన్సరే, కానీ గడ్డ ఇంకా చిన్నది. గుండె బాగుంది, ఒళ్ళు ఆపరేషన్‌కు తట్టుకుంటుంది. ఒట్టి మాత్రలతో సరిపెడితే కొన్నాళ్ళు అణిగి మళ్ళీ పెరగవచ్చు. ఇంత చిన్న గడ్డ మీకెలా తెలిసిందని డాక్టరు అడిగితే, చేపను నొక్కి నిన్నటిదో ఇవాళ్టిదో చెప్పే వేళ్ళకు ఆ మాత్రం తెలియదా అంది నారాయణమ్మ.

సూరయ్యకు ఇవేవీ ఎక్కలేదు. తమ వీధిలో ఈ వయసువాళ్ళెవరూ కోయించుకోలేదన్నాడు. బతకవలసినంత బతికిందన్నాడు.

వాడిది పిసినారితనం కాదని ఆమెకు తెలుసు. భయం. భయమేసినప్పుడల్లా పెద్దరికం చూపించడం వాడికి చిన్నప్పటినుంచీ అలవాటు. తన భయం వేరు. కత్తి గురించి కాదు. ఈ సంగతి ఒకరికి చెప్పాలి. రెండు వారాలుగా ఆ ఒక్కరికీ చెప్పలేక తప్పించుకు తిరుగుతోంది. ఎదురుగా కూర్చుంటే నోరు పెగలదు. చెప్పకుండా ఆపరేషన్ బల్ల మీద పడుకోవడానికి మనసొప్పదు.

“సూరీ, నాను ఎన్నాళ్ళు బతికితే సాలునో నువ్వు సెప్తావేటి?”

సూరయ్య తల దించుకున్నాడు. నెమ్మదిగా అడిగాడు.

“నీకు భయం నేదేటి?”

“నీకున్నాది కదా. ఇద్దరికీ సరిపోద్ది.”

డాక్టరు నవ్వు ఆపుకోలేకపోయింది. అనుమతి కాగితం అలవాటుగా సూరయ్య వైపు జరపబోతుంటే నారాయణమ్మ అందుకుంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. సోమవారం ఉదయానికి ఆపరేషన్ ఖాయమైంది.

ఇక మిగిలింది ఆ ఒక్క పనే. వరండాలోకి వచ్చి, కొడుకుని దూరంగా నిలబడమని, భావనపాడుకు ఫోన్ కలిపింది. అవతల ఎత్తిన చప్పుడు వినిపించగానే గొంతు సవరించుకుంది.

“అమ్మా, నానే. సోమవారం నీ కూతురికి ఆపరేషను. బెంగెట్టుకోకు, నెల తిరక్కుండా వచ్చి నీ తల నానే దువ్వుతాను.”