కరెంటు పోయిన పూట సీరియలు

"ఓబన్నా, సీరియల్లో అత్త కోడల్ని ఇంట్లోకి రానీలేదంట కదా. మొగం మీదే తలుపేసిందంట," అంటూ పక్కింటి తిమ్మక్క చీపురుతోనే మా అరుగెక్కింది.

సోమవారం సరిగ్గా ఆ ఘట్టం కాడ మా ఊర్లో కరెంటు పోయింది. నేను పక్కూరు విడపనకల్లు హోటల్లో చూసొచ్చినానని తిమ్మక్కకు చెప్పి మిగతా కథ అల్లినాను. అత్త ఏనుగెక్కి పోయి కోడల్ని తెచ్చుకుందనీ, ఆ ఏనుగు ఏడిస్తే వీధిలో బిందెలన్నీ నిండినాయనీ చెప్పినాను. తిమ్మక్క మరునాడే బస్సెక్కి, అలిగి రాయదుర్గంలో పుట్టింట కూర్చున్న కోడలు సుంకమ్మను తీసుకొచ్చింది.

ఇప్పుడు ఆ పిల్లను మళ్లీ పంపేస్తుందేమోనని నా భయం.

"హోటలు టీవీలో బొమ్మ సరిగా రాలేదు తిమ్మక్కా."

"బిందెలు మాత్రం బాగా కనపడినాయా?"

నేను తల గోక్కున్నాను. "సుంకమ్మను పంపొద్దు మే. తప్పు నాది."

"ఎందుకు పంపుతా? ఆపొద్దు విడపనకల్లులో కూడా కరెంటు లేదని, పోయేటప్పుడు బస్సులోనే తెలిసింది నాకు."

"తెలిసీ దిగిరాలేదా?"

"ఎవరన్నా పోయి పిల్చుకురమ్మంటే బాగుండునని నెల దినాలుగా చూస్తాండాను. దిగితే మళ్లీ ఎవరు చెప్తారు?"

తిమ్మక్క నవ్వుకుంటా అరుగు దిగింది.

"ఆ సీరియలు ఏం బాగలేదన్నా. ఆ అత్తకు పక్కింట్లో నీ మాదిరి అబద్ధాలోడు లేకపాయె, పాపం."