రిజిస్టర్‌లో ఉన్న నంబరు

కుట్టు సెంటర్ గుమ్మంలో నిలబడ్డ మనిషి సుమలత టీచర్‌కు దండం పెట్టాడు.

"ఎస్తేరుకు మేనమామనైత మేడం. వాళ్లమ్మ దవాఖానల ఉన్నది. పిల్లను జర తోల్కరమ్మన్నది."

తొమ్మిదో తరగతి ఆడపిల్లలను పని నేర్పించడానికి నిడమనూరు నుంచి మిర్యాలగూడ తీసుకురావడం అది మూడో రోజు. ఆన్‌లైన్ మోసాల గురించి పొద్దున వాళ్లకు పాఠం చెప్పింది సుమలతే. ఊరికే నమ్మే మనిషి కాదు.

"రిజిస్టర్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేస్త. వాళ్లు పంపుమంటేనే పంపుత."

"చేయుండ్రి మేడం" అన్నాడతను నింపాదిగా.

ఎస్తేరు తల్లి మీద ఆమెకు మంచి గురి. బడి గ్రూపులో పిల్ల ఫోటో ఎప్పుడు పెట్టినా మొదటి జవాబు ఆ నంబరు నుంచే వస్తుంది. మిర్యాలగూడ పంపడానికి అందరికంటే ముందు ఓకే అన్నదీ ఆ నంబరే. సాయంత్రం ఎన్నింటికి వదులుతారని నిన్న అడిగిందీ అదే.

సుమలత ఫోన్ చేసింది. అతని చొక్కా జేబులో మోగింది.

"అక్క ఫోన్ నాకే ఇచ్చింది మేడం" అని నవ్వాడతను. "నేనే చెప్తున్న, ఇగ పంపుండ్రి."

మాటలు విని బయటికొచ్చిన ఎస్తేరు అతన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"మా అమ్మకు ఫోనే లేదు మేడం. బడిల నంబరు అడిగిన నాడు, గీ రీచార్జ్ దుకాణమాయన నంబరే రాయించింది."