వంకర రోడ్డు

ట్రాన్స్‌ఫర్ మెసేజ్ చూడగానే ఆమె కారులోనే ఎగిరి గంతేసింది. తల పైకప్పుకు ఠక్కున తగిలింది.

"వచ్చేసిందండీ! మీ ఊరికే!"

పెళ్ళయిన దగ్గర్నుంచీ అతనో ఊళ్ళో, ఆమె మరో ఊళ్ళో. వారం వారం ఈ హైవే మీద తిరగడమే వాళ్ళ కాపురం.

ఆ సంబరంలో అతను రెస్ట్ స్టాప్ దగ్గర కారాపాడు.

టీ కొట్టు ముందు ఒక్క బల్ల దగ్గరే చోటుంది. అక్కడ చేతికర్రతో ఓ పెద్దాయన కూర్చున్నాడు.

"ఇక ఈ వంకర రోడ్డు పీడ విరగడైంది," అన్నాడు అతను టీ అందుకుంటూ. "తిన్నగా పోయేదాన్ని గుట్ట చుట్టూ తిప్పాడు. ఏ బుర్రలేనివాడు గీశాడో!"

"బుర్ర తక్కువవాడేలే బాబూ," పెద్దాయన నవ్వాడు. "కొత్త దంపతులా?"

"అంత తెలిసిపోతోందా?" అందామె.

"ఒక్క గ్లాసు టీ ఇద్దరు తాగుతుంటే తెలీదామ్మా!"

ఆమె గ్లాసు చటుక్కున కింద పెట్టేసింది.

"ఓ సాయం చేసిపెట్టమ్మా. ఈ గుట్ట వెనక మడుగుంది. కొంగలొచ్చాయేమో చూసి చెబుతావా? పోయినేడు రాలేదు. నా మోకాళ్ళు దిగనివ్వవు, బస్సొచ్చే వేళైంది."

"కొంగల కోసమా!" అతను గొణిగాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది.

గుట్ట దాటగానే ఇద్దరి కాళ్ళూ ఆగిపోయాయి.

మడుగే కనబడలేదు. గట్ల మీద, కొమ్మల మీద, నీళ్ళ మీద, అంతా తెలుపే.

ఎక్కడో లారీ హారన్ మోగింది. ఆ తెలుపంతా ఒక్కసారిగా పైకి లేచింది. రెక్కల గాలికి ఆమె జుట్టు రేగిపోయింది.

"ఏమండీ, రోడ్డు తిన్నగా వేసుంటే?" అందామె.

"ఈ మడుగు మీంచే పోయేది."

పరుగున వెనక్కొచ్చారు. బల్ల ఖాళీ. బస్సు వంపు తిరుగుతోంది.

"తాతగారూ, వచ్చాయి! వచ్చేశాయి!"

బస్సు ఆగలేదు.

"పాపం, ఎక్కేదాకా గుట్ట వైపే చూశారు," అంది టీ కొట్టావిడ.

"ఆయనిల్లెక్కడక్కా? రేపు పొద్దున్నే వెళ్ళి మేమే చెబుతాం."

"పక్క ఊరేనమ్మా. 'వంకర ఇంజినీరు గారిల్లు' అనడగండి. పట్టుబట్టి ఈ వంపు గీసి, దానికోసం ఉద్యోగమే పోగొట్టుకున్న మనిషి కదా, పసిపిల్లాడైనా చూపిస్తాడు."