నెలకు మూడు శాతం

"పది నిమిషాలు ఆగున్రి మేడం. తర్వాత మీ ఇష్టం."

ఆ మాటకు ప్రిస్కిల్లా బొటనవేలు ఫోన్ మీద ఆగిపోయింది. బ్యాంకు యాప్‌లో ఎనిమిది లక్షల అంకె కొట్టి ఉంది. ఇక ఒక్కసారి నొక్కితే డబ్బు వెళ్లిపోతుంది.

"ఎందుకమ్మా ఆగడం? ఇవాళ్టితో ఆఫర్ అయిపోతుందంట."

"గందుకే ఆగమంటున్న."

యూనివర్సిటీ లైబ్రరీ వెనకున్న క్యాంటీన్‌లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ప్రిస్కిల్లా ఆ లైబ్రరీలోనే ఇరవై రెండేళ్లు పనిచేసి పోయిన నెలలో రిటైరైంది. పింఛను లేని కొలువు. భర్త పోయాడు, పిల్లలు లేరు. తార్నాకలో రెండు గదుల అద్దె ఇల్లు, చేతిలో ఈ ఎనిమిది లక్షలు. బతికినంత కాలం తినాల్సింది ఇదే. ఇంట్లో తోచక ఇప్పటికీ రోజూ రీడింగ్ రూముకు వచ్చి పేపరు చదువుకునేది. నాలుగు రోజుల కిందట అక్కడే పక్క కుర్చీలో కూర్చుని తనంతట తనే మాట కలిపింది నిరోష. ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతోంది, హాస్టల్లో ఉంటోంది. మాటల్లో ఈ పెట్టుబడి సంగతి వచ్చింది.

నిరోష నోటు పుస్తకం తెరిచి మూడు గడులు గీసింది.

"గిది మీ యాప్ చెప్పే గ్లోబల్ ఇండెక్స్ ఫండ్. ఇవి రెండు నిజంగ మన దగ్గర అమ్మే ఫండ్లు. ఒకటి అమెరికా పెద్ద కంపెనీలల్ల పెడతది, ఇంకోటి ప్రపంచమంత పంచి పెడతది. మీ యాప్ ఏమిస్తనన్నది?"

"నెలకు మూడు శాతం. గ్యారంటీగా."

"ఈ రెండు ఏమిస్తయో తెల్వదు మేడం. ఎవ్వరు చెప్పలేరు. ఒక ఏడాది పెరుగుతయి, ఒక ఏడాది పడతయి."

"మరి అవే నయమంటావేంటి?"

"తెల్వదని రాసి మరీ చెప్తరు గనక. ఇండెక్స్ ఫండంటే షేర్ మార్కెట్ సూచీ ఎట్ల పోతే అట్ల పోవుడే. పడేటప్పుడు గూడ పడతది. దానికి గ్యారంటీ అన్నరంటే అది ఇండెక్స్ ఫండే కాదు."

ప్రిస్కిల్లా కళ్లద్దాలు సర్దుకుని పుస్తకాన్ని దగ్గరికి లాక్కుంది.

"ఖర్చు?"

"అమెరికాదాంట్ల వందకు ముప్పై పైసలు, ప్రపంచందాంట్ల అరవై. ఏడాదికి. మీ యాప్‌ల?"

"ఏమీ లేదంది."

"మరి వాళ్ల ఆఫీసు కిరాయి ఎవరు కడతరు?"

నిరోష ఫోన్‌లో ఫండ్ల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ సెబీ వెబ్‌సైటు తెరిచి ముందుకు జరిపింది. "మీరే వెతుకున్రి."

రెండు ఫండ్ల కంపెనీలూ దొరికాయి. యాప్ పేరు తెలుగులో పలికి, ఇంగ్లీషులో అక్షరం అక్షరం కూడబలుక్కుని మూడుసార్లు కొట్టింది ప్రిస్కిల్లా. రాలేదు.

"యాప్ వాళ్ల తరఫున మాట్లాడే రియాను అడుగుతానుండు. చాలా మంచి పిల్ల. నెల రోజులుగా మెసేజ్‌లు పెడుతుంది. అన్నం తిన్నారా ఆంటీ, మోకాలు నొప్పి తగ్గిందా ఆంటీ అని. అట్లా అడిగేవాళ్లు నాకెవరున్నారమ్మా?"

నిరోష తల వంచుకుని టీ గ్లాసు వైపు చూసింది. "మంచిగ మాట్లాడుడు గూడ నౌకరే మేడం కొందరికి."

రిజిస్ట్రేషన్ నంబరు పంపమని ప్రిస్కిల్లా మెసేజ్ పెట్టింది. రెండు నిమిషాల్లో జవాబిచ్చే రియా ఇరవై నిమిషాలైనా ఉలకలేదు. క్యాంటీన్‌లో బల్లలు తుడవడం కూడా అయిపోయింది.

ప్రిస్కిల్లా ఎనిమిది లక్షల అంకెను ఒక్కో సున్నా చొప్పున చెరిపేసింది. ఫోన్ బోర్లించి చేతుల్లో ముఖం దాచుకుంది. కాసేపటికి తలెత్తింది.

"ముందు ఐదు వేలు వేసి చూశానమ్మా. అంతటితో పోయింది. స్తోత్రం ప్రభువా!"

"ఆ ఐదు వేలకు గూడ కంప్లైంట్ ఇయ్యిన్రి."

"ఐదు వేలకు పోలీసులు వస్తారా?"

నిరోష నోటు పుస్తకం మూసింది. "మీకోసం కాదు మేడం. మీలాంటోళ్లు ఇంకెందరో ఉంటరు. ఆ చాటింగంత చూపెట్టున్రి. ఒక్కటి గూడ డిలీట్ చెయ్యకున్రి."

అక్కడే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి వివరాలు చెప్పారు. తర్వాత ఇద్దరూ నడుచుకుంటూ తార్నాక చౌరస్తా దాకా వచ్చారు. ఇల్లు గడిచే డబ్బు బ్యాంకులోనూ పోస్టాఫీసులోనూ ఉంచాలనీ, పదేళ్ల దాకా ముట్టుకోని లక్ష మాత్రం, అదీ నెలనెలా కొంచెం కొంచెంగా, ప్రపంచమంతా పంచిపెట్టే ఫండ్‌లో వేయాలనీ దారిలోనే తేల్చుకుంది ప్రిస్కిల్లా. ఆమె నడకలో బరువు తగ్గింది.

"ఒక్కచోటే పెడితే నాకు నిద్ర పట్టదు. ముప్పై పైసలు ఎక్కువైతే కానీ."

"నిద్ర పట్టేదే మంచి ఫండ్ మేడం," అని నవ్వింది నిరోష. నాలుగు రోజుల్లో ఆ పిల్ల నవ్వడం అదే మొదలు.

మెట్రో మెట్ల దగ్గర ప్రిస్కిల్లా ఆమె తల మీద చెయ్యి పెట్టి, జనం చూస్తున్నా పట్టించుకోకుండా కళ్లు మూసుకుంది.

"ప్రభువా, ఈ బిడ్డను నా దగ్గరికి పంపావు, చల్లగా చూడు. ఆ రియా ఎవరో, ఏ గతిలేక ఆ పనిలో చేరిందో. దాన్నీ క్షమించి బయటికి తీసుకురా తండ్రీ. ఆమెన్."

"ఆమెన్," అంది నిరోష. కళ్లు తుడుచుకుని, వెనక్కి చూడకుండా హాస్టల్ వైపు నడిచింది.

రియా ఆమే.