అద్దాలింటి అరుగు

"నా డ్రాయింగులో లేని అరుగు ఎక్కణ్ణుంచి ఊడిపడింది మేస్త్రీగారూ?" అంది షియోరి.

టోక్యో ఆసామి ఒకాయన కోసం ఆ కొండవాలులో ఆమె గీసిన ఇల్లది. చుట్టూ నిలువెత్తు అద్దాలే. ఇప్పుడు వాటి ముందు మోకాలెత్తు చెక్క అరుగు, దాని మీద తడిమట్టి అంటిన ముల్లంగి.

"అరుగు నేనే వేశా," అన్నాడు ముసలి వడ్రంగి గెన్‌జో, చిత్రిక పట్టడం ఆపకుండా. "ముల్లంగి సంగతి నాకు తెలీదు."

"ఇచ్చేవాళ్ళు బెల్లు కొట్టి ఇస్తారు. అరుగెందుకు?"

"ఒక్క ముల్లంగికి బెల్లు కొడతారా ఇంజినీరమ్మా? చేతికిస్తే మీ ఆసామి మిఠాయి పెట్టె ఇచ్చుకోవాలి. దానికి బదులు వాళ్ళు గుమ్మడికాయ తేవాలి. ఇక అది తెమిలేది కాదు. అరుగు మీద పెట్టి పోతే ఏ గొడవా లేదు."

"మరి ఎవరు పెట్టారో ఆయనకెలా తెలుస్తుంది?"

"తెలీదు. నాలుగిళ్ళకి వెళ్ళి అడగాలి. ప్రతి ఇంట్లోనూ కూర్చోబెట్టి టీ ఇస్తారు. ఆ ముల్లంగి ఎవరిదో తేలేసరికి ఆయన ఈ ఊరివాడైపోతాడు."

ఆరు నెలలుగా వస్తున్నా ఈ ఊళ్ళో షియోరికి తెలిసిన పేరు గెన్‌జో ఒక్కటే.

డ్రాయింగు పరిచి, అద్దాల ముందు పెన్సిల్‌తో అరుగు గీసింది. తర్వాత ముల్లంగిని చంకన పెట్టుకుంది.

"ముందు ఎవరింటికి వెళ్ళమంటారు?"

"ఎవరింటికైనా వెళ్ళండి. మా ఇంటికి మాత్రం చివర్న రండి," అన్నాడు గెన్‌జో. "మా ఆవిడకి అబద్ధమాడటం రాదు."